ఉప్పలయ్య మూడు తరగతులు దిగిన వైనం

గుండ్లవాగు పొంగి పాత బస్టాండు దాకా నీళ్లొచ్చాయే, దానికి మరుసటి ఏడు జరిగిన సంగతి ఇది. ఆ వరదలో ఊళ్లో బళ్లన్నీ మునిగాయి. బీరువాల్లో పుస్తకాలు ఉబ్బి ముద్దలయ్యాయి. వాటిని డాబాల మీద ఎండేసి కాగితం కాగితం విడదీస్తున్న రోజుల్లోనే, బైపాసు అవతల మామిడితోటలో పురివిప్పు అని కొత్త బడి వెలిసింది. అక్కడ పుస్తకాలే ఉండవన్నారు. ఊరు ఊపిరి పీల్చుకుంది.

దాన్ని బడి అనకూడదు. ఆవరణ అనాలి. పంతులమ్మలు ఉండరు, సహచరులు ఉంటారు. క్లాసులు ఉండవు, గుంపులు ఉంటాయి. గంట, యూనిఫాం, హోంవర్కు, పరీక్ష, బెంచీ ఎక్కించడం, ఇవేవీ పిల్లలకు ఉండవు. పిల్లలకు లేకుండా తీసేసినవన్నీ ఎక్కడికి పోయాయని అప్పట్లో ఎవరూ అడగలేదు.

ఉప్పలయ్య దర్జీ. చూపు మందగించి మిషను మూలన పెట్టేదాకా మార్కెట్ రోడ్డులో బడిపిల్లల చొక్కాలు, నిక్కర్లు కుట్టాడు. కొలత తీసేటప్పుడు నోట్లో గుండుసూదులు పట్టుకోవడం అలవాటై, సూదులు లేనప్పుడు కూడా నోరు తెరిచేవాడు కాదు. చదువు మూడో తరగతి. ఆ ఏడు సగంలో పంతులుకు బదిలీ అయింది. ఇంకో పంతులు రాలేదు. వాళ్ల నాయన తీసుకుపోయి మిషను దగ్గర కూర్చోబెట్టాడు. అందుకని గుణింతాల దాకా వచ్చాయి గాని ఒత్తులు రాలేదు. పేపరు చదివితే ఒత్తు దగ్గర ఆగకుండా, గుంత పక్కనుంచి సైకిలు తోలినట్టు తోలుకుంటూ పోయేవాడు.

మనవరాలు సహస్రకు ఏడేళ్లు. ఆదివారం పేపర్లో పిల్లల కథ వస్తే తెచ్చి ఆయన ఒళ్లో పడేసేది. ఒకసారి వేలు పెట్టి ఆపింది.

“తాతా, దీని కింద ఇంకోటి వేలాడుతోంది. దాన్ని చదవలేదు నువ్వు.”

ఉప్పలయ్య తనకు రాదన్నాడు.

“అయితే నేను నేర్చుకుని నీకు చెప్తా,” అంది.

ఉప్పలయ్య నవ్వి పేపరు మడిచాడు. కాని ఆ రోజు నుంచి ఆయనకు లోకంలో ఒక్కటే కోరిక మిగిలింది, ఆ పిల్లకు చదవడం రావాలి.

కొడుకు మధూకర్ బ్యాంకులో ఆఫీసరు. కోడలు హారిక డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్తుంది. ఇద్దరూ ఉదయం పోతే దీపాలు పెట్టేవేళకు వస్తారు. మామూలు బళ్లు పిల్లల మెదడును ఇస్త్రీ పెట్టెలా అణిచేస్తాయని హారిక ఎక్కడో విన్నది. పిల్లను పురివిప్పులోనే వేయాలన్నది. పిల్లకు అక్షరాలు ఎప్పుడు చెప్తారో కనుక్కోమని ఉప్పలయ్య మెల్లగా అంటే, మధూకర్ నవ్వాడు. “మూడో తరగతి చదివి నువ్వు నాకు చదువు సంగతి చెప్తున్నావా నాయనా,” అన్నాడు.

చేర్చదలచిన తల్లిదండ్రులకు ముందొక సభ పెట్టారు. ప్రధాన సహచరి కాదంబరి గారు మాట్లాడింది. పక్క గదిలో పసిబిడ్డ పడుకున్నట్టు ఉంటుంది ఆవిడ గొంతు.

“ఇందులో ప్రవేశించేముందు తల్లిదండ్రులు గ్రహించవలసిన మౌలిక సత్యం ఒకటుంది. బిడ్డల్లో ఏ లోపమూ ఉండదు. లోపమనేది ఎక్కడో ఒకచోట ఉండక తప్పదు గనుక, అది పెద్దల్లో ఉంటుంది. కావున మేము బిడ్డల్ని పరీక్షించం. మిమ్మల్ని పరీక్షిస్తాం.”

చప్పట్లు కొట్టారు. పరీక్షలంటే అందరికీ అలవాటే.

మధూకర్‌ని లోపలికి పిలిచి ఏం చదివారని అడిగారు. ఎంటెక్ అన్నాడు, చొక్కా సర్దుకుని. లోపల కూర్చున్న ప్రవేశాల సంఘంలో వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసిన డాక్టర్ల మాదిరి. హారిక తనకు యూనివర్సిటీలో బంగారు పతకం వచ్చిందని చెప్పింది. కాదంబరి గారు మంచినీళ్లు తెప్పించుకుంది.

“దంపతులిద్దరికీ బాగా ముదిరింది,” అంది. “మీ ఇంట్లో ఇంతకంటే తక్కువ నష్టపోయిన మనిషి ఎవరైనా ఉన్నారా?”

ఉప్పలయ్య బయట చెట్టు కింద మనవరాలికి తాటిముంజెలు ఒలిచి పెడుతున్నాడు. పిలిచారు. చేతులు పంచెకు తుడుచుకుంటూ వచ్చాడు. ఎంతవరకు చదువుకున్నారని అడిగారు.

“మూడు.”

“మూడు డిగ్రీలా?”

“తరగతులు.”

సంఘం మొత్తం లేచి నిలబడింది. ఒకాయన తన కుర్చీ తెచ్చి వేశాడు. సహస్రకు సీటు అక్కడే ఖాయమైంది. ఇంటికొచ్చే దారిలో మధూకర్ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు, ఎంసెట్ పోయిన పిల్లాడిలా. హారిక మాత్రం సంతోషంగా ఉంది. “మామయ్యా, మీరేం చేయక్కర్లేదు. ఎట్లా ఉన్నారో అట్లా ఉండండి చాలు,” అంది.

చేరినాక తెలిసింది, ప్రతి పిల్లతోపాటు ఇంటి నుంచి ఒక పెద్దమనిషి రోజూ రావాలని. ఆ మనిషిని ఎదిగే పెద్ద అంటారు. పెద్ద పాసైతే పిల్ల ఉంటుంది. ఫెయిలైతే ఇద్దరూ పోతారు.

పొద్దున్నే గంట కొడతారు, పెద్దలకు. ఉతకని గోనె రంగు లాల్చీ, అదే గుడ్డతో పైజామా వేసుకుని వరసగా నిలబడాలి. లాల్చీకి చంకలు ఎత్తి కుట్టారు, చెయ్యి పైకి లేవదు. ఉప్పలయ్య కుట్టు వైపు ఒకసారి చూసి కళ్లు మూసుకున్నాడు. ఎండలో ప్రతిజ్ఞ చేయిస్తారు. నేను నా బిడ్డను పెంచను, బిడ్డ పెరుగుతుంటే అడ్డు తొలగుతాను, అని. ఆ సేపంతా పిల్లలు మామిడికొమ్మల మీద కూర్చుని ఉప్పూకారం అద్దిన కాయలు కొరుక్కుంటూ చూస్తారు. నాన్న గోళ్లు పెరిగాయని ఒక పిల్ల పైనుంచి ఫిర్యాదు చేస్తే, ఆ నాన్నను వరసలోంచి బయటికి పిలిచి చేతులు చాపమన్నారు.

తరగతిలో రోజూ ఒకే ప్రశ్న. ఈ రోజు మీలోంచి ఏం వదిలింది? జవాబు రాసి ఇవ్వాలి. డాక్టర్లు, లాయర్లు, కాంట్రాక్టర్లు వంగి వంగి రాసేవాళ్లు. ఉప్పలయ్యకు రాయడం చేతకాక తెల్లకాగితం ఇచ్చాడు. కాదంబరి గారు దాన్ని చాలాసేపు చూసింది. కళ్లు చెమర్చాయి. “ఎంత వదిలితే ఇది సాధ్యం,” అని గోడకు అంటించింది.

ఆయన పక్కన కూర్చునే వంశీధర్ సాఫ్ట్‌వేర్ మనిషి. ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాడు కాబట్టి కొడుకుతో తనే వస్తాడు. కాగితాలు నింపి ఇస్తే సున్నా వచ్చింది. మర్నాడు తనూ తెల్లకాగితం ఇచ్చాడు. కాదంబరి గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇది మీ ఖాళీ కాదు. ఉప్పలయ్య గారి ఖాళీ. చూసి రాశారు.”

వంశీధర్‌ని బెంచీ ఎక్కించారు. కిటికీ బయట కొమ్మ మీద ఉన్న వాళ్ల అబ్బాయి, ఏం తప్పు చేశావు నాన్నా అని అడిగాడు. పిల్లల ప్రశ్నకు జవాబు చెప్పడం నేరం అక్కడ. తిరిగి అడగాలి. వంశీధర్ బెంచీ మీద నుంచే, “నీకేమనిపిస్తోంది?” అన్నాడు. పిల్లాడికి చాలా అనిపించాయి. అన్నీ గట్టిగా చెప్పాడు.

ఊరికి గిరాకీ తెలియడానికి ఎంతసేపు. బస్టాండు ఎదుట మరుపు అకాడమీ తెరిచారు. లాంగ్ టర్మ్, షార్ట్ టర్మ్. పెద్దలకు హాస్టలు, ఏసీ, నాన్ ఏసీ. ఎంటెక్ నుంచి ఐదో తరగతికి ఒక్క వేసవిలో, అని ఫ్లెక్సీలు కట్టారు. వాటి మీద నోరు తెరుచుకున్న పెద్దవాళ్ల ఫోటోలు, కింద ర్యాంకులు. ఇంగ్లీషు మొత్తం మర్చిపోయిన ఒక ప్లీడరుకు జిల్లా మొదటి ర్యాంకు వచ్చింది. ఆయన కోర్టులో జడ్జి ఏమడిగినా మీకేమనిపిస్తోందని అడుగుతున్నాడని చెప్పుకున్నారు. మిగతా బళ్లు కూడా ఎండబెట్టిన పుస్తకాలను మళ్లీ మూటగట్టి, ముందు నాలుగు మొక్కలు నాటి, మాదీ ఆవరణే అని బోర్డులు మార్చాయి.

సహస్ర మాత్రం వచ్చిన పని మర్చిపోలేదు. గోడ మీద రంగులతో పెద్ద ‘ఖ’ వేసి ఉంది. అది ఏం అక్షరమని సహచరిని అడిగింది.

“నీకేమనిపిస్తోంది?”

“నాకు తెలీదు. అందుకే అడుగుతున్నా.”

“తెలీకపోవడం నీకెలా అనిపిస్తోంది?”

పిల్ల ఆలోచించి, తోక ఉంది కాబట్టి పిల్లి అంది. సహచరి పరుగెత్తుకెళ్లి అందరినీ పిలుచుకొచ్చింది. పిల్ల సొంత లిపి పుట్టించిందన్నారు. కాగితాలు, కుంచెలు ఇచ్చారు. ఆ పిల్ల ఇష్టమొచ్చిన గీతలు గీసింది. వాటికి అద్దాలు కట్టించి సహస్ర లిపి అని పేరు పెట్టి వరండా పొడుగునా వేలాడదీశారు. విలేకర్లు వచ్చి ఫోటోలు తీసుకున్నారు. మధూకర్ ఆ ఫోటో బ్యాంకులో అందరికీ చూపించాడు.

ఆ సాయంత్రం సహస్ర తను రాసిన కాగితం తెచ్చి తాత ముందు పెట్టింది. “చదువు తాతా.”

ఉప్పలయ్య ఎగాదిగా చూశాడు. రాదన్నాడు.

“నీకూ రాదా? మరి ఎవరికొస్తుంది?” కొంచెంసేపు తనే ఆ గీతల వైపు చూసింది. “నాక్కూడా రావట్లేదు. పొద్దున ఏం రాశానో.” ఇక ఏడుపు. బువ్వ తినలేదు. హారిక వచ్చి, అది లోపలి ఎదుగుదల బయటికి రావడమంది.

మర్నాడు పెద్దలందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి మనసులో మాట పంచుకోమన్నప్పుడు ఉప్పలయ్య చెయ్యెత్తబోయాడు. లాల్చీ చంక పట్టేసింది. లేచి నిలబడ్డాడు. ఆయన గొంతు విననివాళ్లే అందరూ, తిరిగి చూశారు.

“మా పిల్ల చదవడం నేర్చుకుంటానంటోంది. నేర్పండి,” అన్నాడు.

ఎవరో అయ్యో అన్నారు. కాదంబరి గారు గుండె మీద చెయ్యి వేసుకుంది. నేర్పడమనే మాట ఆవరణలో మొదటిసారి పలికారు. ఆ మధ్యాహ్నమే సహజేచ్ఛా నిర్ధారణ సంఘం కూర్చుంది. పిల్లను పిలిచి, నీకు చదవాలని ఉందా అని అడిగారు. ఉందన్నది. అది నీ కోరికా, తాతగారి కోరికా అన్నారు. నాదే అన్నది.

“నాదే అని చెప్పమని ఎవరు చెప్పారు తల్లీ?”

సహస్ర వాళ్ల మొహాలన్నీ చూసింది. “మీకేమనిపిస్తోంది?” అంది.

సంఘం దీన్ని చిన్న విషయంగా తీసుకోలేదు. తీర్పు నిలబడి చదివారు. “బాలికయందు అక్షరేచ్ఛ అకాలముగా ఉత్పన్నమైనట్లు సంఘం బాధతో గమనించినది. తాతగారియందు ఇంకనూ మిగిలియున్న మూడు తరగతుల అవశేషమే ఇందుకు మూలకారణమని నిర్ధారించినది. సదరు అవశేషమును సంపూర్ణముగా తొలగించిన పిమ్మట కూడ బాలిక అదే కోరిక కోరినయెడల, అది స్వచ్ఛమైన కోరికగా పరిగణించి, అక్షరములు చూపబడును.”

ఉప్పలయ్యకు సగమే అర్థమైంది. వంశీధర్ పక్కనుంచి విడమరిచి చెప్పాడు. “తాతగారూ, మీకు వచ్చింది మీరు మర్చిపోతే మీ పాపకు నేర్పుతారంట.”

ఉప్పలయ్య సరే అన్నాడు. ఆయనకున్నదే అంత. ఇవ్వడానికి వెనకాడలేదు.

దింపడం మొదలుపెట్టారు. మూడో తరగతిలోంచి రెండుకు దింపినప్పుడు ఎక్కాలు పోవాలి. రెండులోంచి ఒకటికి గుణింతాలు. తలుపు చాటునుంచి హఠాత్తుగా ఒక సహచరి పలక చూపేది, ఆయన కళ్లు కదిలాయో లేదో ఇంకొకావిడ కనిపెట్టేది. బజారులో దుకాణాల బోర్డులు కంట పడకుండా తలవంచుకు నడవమన్నారు. ఎదురైనవాళ్లు, ఇంట్లో ఏదో జరిగిందేమోనని మెల్లగా మధూకర్‌ని వాకబు చేశారు. హారిక ఇంట్లో క్యాలెండరు గోడకేసి తిప్పింది. పండగ ఎప్పుడో పక్కింటివాళ్లను అడగాల్సి వచ్చింది.

ఆదివారం సహస్ర పేపరు పట్టుకొచ్చి ఒళ్లో పడేసింది. ఉప్పలయ్య తీసి పక్కన పెట్టాడు.

“కథ తాతా.”

తల అడ్డంగా ఊపాడు.

“కింద వేలాడేవి వదిలేసే చదువు. నేనేమీ అనను.”

ఆయన లేచి పెరట్లోకి పోయి, తడిసిన మొక్కలకే మళ్లీ నీళ్లు పోశాడు. తర్వాత ఆదివారం కూడా తెచ్చింది. ఆ తర్వాత తేవడం మానేసింది. కొన్నాళ్లే కదా, దానికోసమే కదా, అనుకున్నాడు ఉప్పలయ్య.

చివరి తరగతి దింపడాన్ని ఊరంతటి ముందు చేశారు. విస్మృతి మహోత్సవం అని షామియానా వేశారు. విద్యాశాఖ నుంచి ఒక పెద్దమనిషిని పిలిచారు. ఆయన మైకు సరిచేసుకుని అన్నాడు:

“నిరక్షరాస్యతను రూపుమాపడానికి మా శాఖ అహర్నిశలు శ్రమించిన మాట వాస్తవం. అయితే అది నాణ్యత లేని నిరక్షరాస్యత. నేడు ఇక్కడ ఉన్నత ప్రమాణాలతో కూడిన నిరక్షరాస్యతను ప్రత్యక్షంగా చూసే భాగ్యం మనకు కలుగుతోంది.”

ఉప్పలయ్యను స్టేజీ మీద నిలబెట్టారు. సహస్ర ముందు వరసలో అమ్మానాన్నల మధ్య కూర్చుంది. అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఏదని సంఘం కొన్ని రోజులు చర్చించి ఎంచిందట. పలక పట్టుకొచ్చి ఆయన మొహం ముందు ఎత్తి పట్టారు. దాని మీద ‘బడి’ అని ఉంది.

చూడగానే ఆయనకు వచ్చేసింది. రాకుండా ఎట్లా ఉంటుంది? పంతులు మొదటిరోజు చెయ్యి పట్టి దిద్దించిన మాట అది. పెదాలు కదలకుండా పళ్లు బిగబట్టాడు, ఒకప్పుడు సూదులు పట్టినట్టు.

“ఏమైనా కనిపిస్తోందా తాతగారూ?” అంది కాదంబరి గారు.

“పలక కనిపిస్తోంది.”

షామియానా దద్దరిల్లింది. జనం లేచి నిలబడి కొట్టారు చప్పట్లు. పెద్దమనిషి శాలువా కప్పాడు. చామంతుల దండ వేశారు. సంపూర్ణ శూన్యులు అని బిరుదిచ్చారు. ఫోటోగ్రాఫరు మళ్లీ ఒకసారి వేయమంటే దండ తీసి మళ్లీ వేశారు. మధూకర్ కళ్లు తుడుచుకున్నాడు. ఉప్పలయ్య ఇవేవీ చూడటంలేదు. ఎప్పుడెప్పుడు పిల్లను పిలుస్తారా అని ముందు వరసవైపే చూస్తున్నాడు.

పిలిచారు. స్టేజీ ఎక్కించి మైకు ఆమె ఎత్తుకు దించారు.

“సహస్రా, ఇప్పుడు నీ మీద ఏ ఒత్తిడీ లేదు. మాట ఇచ్చాం. చెప్పు తల్లీ, నీకు చదవడం కావాలా?”

సహస్ర తాత మెడలో దండ చూసింది. శాలువా చూసింది. కింద నిలబడి ఇంకా చప్పట్లు కొడుతున్న జనాన్ని చూసింది.

“వద్దు,” అంది. “నాకూ రాదు. నాకు కూడా దండ వేయండి.”

ఇంకొక దండ తెప్పించలేదు, ఉప్పలయ్య మెడలోదే తీసి పిల్లకు వేశారు. మోకాళ్ల దాకా వచ్చింది. బిడ్డ తన నిజమైన కోరికను కనుగొన్నదని కాదంబరి గారు ప్రకటించింది. సహస్ర నవ్వుతూ ఫోటోకు నిలబడింది. ఇంటికి పోయేదాకా దండ తీయలేదు. దారిలో తాత చెయ్యి పట్టుకుని, “మనిద్దరికీ రాదు కదా తాతా,” అని ఒకటికి రెండుసార్లు అడిగింది. సంతోషంగానే అడిగింది. ఉప్పలయ్యకు నోట మాట రాలేదు. అది అలవాటే అనుకున్నారు ఇంట్లోవాళ్లు.

తెల్లారి ఆవరణ వ్యాను వచ్చి హారను కొట్టింది. మేము రావడంలేదని ఉప్పలయ్య డ్రైవరుతో చెప్పి పంపేశాడు. కొడుకూ కోడలూ ఇంకా లేవలేదు. పిల్లకు మొహం కడిగి జడలేసి, చెయ్యి పట్టుకుని కొత్త బస్టాండుకు తీసుకుపోయాడు. సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. ఎక్కడికి తాతా అంటే ఎక్కడికీ కాదన్నాడు.

బస్సు ఒకటి వచ్చి ఎదురుగా ఆగింది. ఉప్పలయ్య లేచి నిలబడ్డాడు. దాని నుదుటి మీదున్న బోర్డును, టీ కొట్టువాడు తిరిగి చూసేటంత గట్టిగా చదివాడు.

“మధిర.”

సహస్ర నోరు తెరిచింది. “నీకు రాదు కదా.”

“వచ్చు.”

పిల్ల మొహం మాడ్చుకుని పక్కకు తిరిగింది. ఉప్పలయ్య కూర్చోలేదు. ఆ బస్సు పోయింది. దాని చోట్లోకి ఇంకో బస్సు వచ్చింది.

“మణుగూరు,” అని అరిచాడు.

సామాన్లు మోసుకుపోతున్న ఒకావిడ ఇది మణుగూరు పోతుందా తాతా అని అడిగితే, పోతుంది ఎక్కమన్నాడు. ఆవిడ ఎక్కింది. సహస్ర అటు చూడనట్టే చూసింది. బస్సు కదిలేలోపు బల్ల దిగి వచ్చి, బోర్డు మొదట్లో ఉన్నదాన్ని వేలితో చూపించింది.

“అది ఇందాకటి దానికి కూడా ఉంది. అది ఏం అక్షరం?”

“మ,” అన్నాడు ఉప్పలయ్య.